లక్షల వ్యూస్, కదలని డబ్బాలు: ఒక గానుగ నూనె దుకాణం కేస్ స్టడీ

చిన్న వ్యాపారాలకు వీడియోలు, ఆన్‌లైన్ ప్రకటనలు చూసిపెట్టడం నా వృత్తి. ఈ కేసు రాయలసీమలోని ఒక జిల్లా కేంద్రంలో ఉన్న గానుగ నూనె దుకాణానిది. యజమానురాలు ఒప్పుకున్న తరువాతే రాస్తున్నాను. ఊరి పేరు, దుకాణం పేరు, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ధరలు కాస్త గుండ్రంగా సర్దాను. వీడియో అనగానే చిన్న దుకాణదారులు నమ్మేసే అపోహలు దాదాపు అన్నీ ఈ ఒక్క చోటే వరసగా కనిపించాయి. వాటిలో కొన్నింటికి వాళ్ళు అప్పటికే బాగా డబ్బు పోశారు.

నేపథ్యం

దుకాణం నడిపేది నడివయసు మహిళ. నేను అక్కా అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. ముందు గదిలో కౌంటరు, వెనక షెడ్డులో కోయంబత్తూరు వైపు నుంచి తెప్పించిన రెండు చెక్క గానుగలు. రెండూ మోటారుతోనే తిరుగుతాయి. ఒకదాంట్లో శెనక్కాయ విత్తనాలు, రెండోదాంట్లో వంతులవారీగా నువ్వులు, ఎండు కొబ్బరి ఆడతారు. ఆడిన నూనెను స్టీలు డ్రమ్ముల్లో తేరనిచ్చి, అడుగున మడ్డి వదిలేసి, పైన తేటను డబ్బాల్లోకి పడతారు. అక్క తమ్ముడు డిగ్రీ అయ్యాక సాయంత్రాలు కౌంటర్లో కూర్చుంటున్నాడు. ఫోను, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అతని చేతిలో ఉన్నాయి.

శెనక్కాయ నూనె లీటరు 380 రూపాయలు. అదే వీధిలో కిరాణా కొట్లో రిఫైన్డ్ నూనె ప్యాకెట్ అందులో సగానికి కాస్త అటూ ఇటూ. ఈ తేడా ఎందుకో కొనేవాడికి అర్థమైతే దుకాణం నిలబడుతుంది, కాకపోతే లేదు. నన్ను పిలిచేనాటికి వాళ్ళు పెట్టిన వీడియోల్లో ఒక్కటి కూడా ఈ తేడా జోలికి పోలేదు.

సమస్య

ఫోనులో అక్క చెప్పింది ఒకటే మాట: "వ్యూస్ వస్తా ఉన్నాయన్నా, నూనె పోవడంలా."

ఆ వ్యూస్ ఎక్కడివో చూశాను. తమ్ముడు పెట్టిన ఒక రీల్ లక్షలు దాటింది. పొద్దుటి ఎండలో, పల్లెలో, ఎద్దు తిప్పుతున్న పాతకాలపు గానుగ. వెనక సినిమా పాట. చూడటానికి నిజంగా బాగుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ గానుగ వాళ్ళది కాదు. బంధువుల ఊరికి పోయినప్పుడు తీసింది.

కామెంట్లు కింది దాకా చదివాను. నూనె ధర అడిగినవాళ్ళకంటే, గంతలు కట్టిన ఎద్దును చూసి జాలిపడినవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఎక్కువ. మిగతావాటిలో చాలా హిందీలో, ఢిల్లీకి పంపుతారా, పూణేకి పంపుతారా అని. వాటికి జవాబు చెప్పలేక తమ్ముడు దండం బొమ్మలు పెట్టి వదిలేశాడు. ఊళ్ళోవాళ్ళు కొందరు రీల్ చూసి దుకాణానికి వచ్చారు. షెడ్డులోకి తొంగిచూసి "ఎద్దేదమ్మా?" అని అడిగారు. మోటారు చూపిస్తే మొహాలు మారాయి. మోటారు గానుగలో తప్పేమీ లేదు, నూనె అదే నూనె. కానీ లేని ఎద్దును చూపించారు కాబట్టి, ఆ నూనెలో ఇంకేం లేదో అనే అనుమానం వాళ్ళకు పుట్టింది. అమ్మకాలు పెరగకపోవడం కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే.

వ్యూ అనే అంకె గురించి ఒక్కమాట చెప్పుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ. అదే మనిషికి మళ్ళీ ఆడితే మళ్ళీ ఒకటి. యూట్యూబ్ షార్ట్స్‌లో కూడా 2025 మార్చి 31 నుంచి, ఇంతసేపు చూడాలన్న నియమం లేకుండా, మొదలైన ప్రతిసారీ లెక్కలోకి వస్తోంది. వేలు పైకి జరుపుతూ దాటేసినవాళ్ళు కూడా ఆ లక్షల్లో ఉన్నారు. ఇది చెప్పినప్పుడు తమ్ముడి మొహం చూసి పాపం అనిపించింది, కానీ చెప్పక తప్పదు.

అప్పటికే చేసి చూసినవి

ఎద్దు రీల్ ఊపు తగ్గాక, మరో వైరల్ కోసం రోజుకో వీడియో పెట్టారు. రోజూ పెడితేనే అల్గారిదం మనల్ని చూస్తుందని తమ్ముడికి ఎవరో చెప్పారట. నూనె నెలకోసారి కొనే సరుకు. అది కొనేవాళ్ళకు నెలకు ముప్పై వీడియోల్లో చెప్పాల్సినంత సంగతి ఆ దుకాణంలో లేదు. రెండో వారానికే పండగ శుభాకాంక్షలు, సూక్తులు, డైలాగులకు పెదవులు కదపడం మొదలయ్యాయి. వీటికోసం తమ్ముడు కౌంటరు వదిలి వెళ్ళేవాడు. ఆ వేళకు వచ్చిన మనిషికి నూనె పోసేవాళ్ళు లేక తిరిగిపోయిన సందర్భాలూ ఉన్నాయని అక్క చెప్పింది.

తరువాత జిల్లాలో పేరున్న ఒక ఫుడ్ వ్లాగర్‌తో ప్రచారం. అతను వచ్చి, నూనె వాసన చూసి, కళ్ళు మూసుకుని మెచ్చుకుని, ఇది వాడితే షుగర్ తగ్గుతుంది, గుండెకు అడ్డంకులు పోతాయి అని చెప్పి వెళ్ళాడు. ఆ వీడియో వల్ల వారం రోజులు జనం వచ్చారు, అర లీటరు సీసాలు కొన్నారు, మళ్ళీ కనపడలేదు. అంతకంటే పెద్ద చిక్కు ఆ మాటల్లో ఉంది. ఆహార పదార్థం రోగాన్ని తగ్గిస్తుందని ప్రకటించడం 2018 నాటి ఆహార భద్రత ప్రకటనల నిబంధనల ప్రకారం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రతా చట్టంలో 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. డబ్బు తీసుకుని చేసిన ప్రచారం అయితే ఆ సంగతి వీడియోలోనే స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో చెప్పింది. ఇందులో అదీ లేదు. చెప్పినవాడు వ్లాగర్ అయినా, డబ్బిచ్చి చెప్పించిన దుకాణం కూడా చిక్కుల్లో పడొచ్చని అక్కకు అప్పటిదాకా తెలియదు.

చివరిది యాడ్ ఫిల్మ్. డ్రోన్ షాట్లు, నెమ్మదిగా జారే నూనె ధార, గంభీరమైన గొంతు. దానికి పెట్టిన ఖర్చు ఒక నెల కూలీలకు సరిపోయేది. బాగుందని అందరూ అన్నారు. దాన్ని చూశాక ఒక కొనుగోలుదారుడికి కొత్తగా ఏం తెలిసిందో చెప్పమంటే మాత్రం అక్క దగ్గర జవాబు లేదు. ఖరీదైన వీడియో అయితేనే నమ్ముతారనే మాట నేను ప్రతి ఊళ్ళోనూ వింటాను. పాతిక అడుగుల దుకాణానికి పెద్ద కంపెనీ వీడియో తొడిగితే అది దుకాణంలా కనపడదు, కంపెనీలాగా కూడా కనపడదు.

కెమెరా తీయకముందు

ఇంకో వీడియో తీద్దామని నేను మొదట అనలేదు. కౌంటరు పక్కన స్టూలు వేయించుకుని, కొన్ని రోజులు సాయంత్రాలు కూర్చుని, వచ్చినవాళ్ళు డబ్బు తీసేముందు ఏం అడుగుతున్నారో, కొనకుండా వెళ్ళేవాళ్ళు ఏ మాట దగ్గర ఆగుతున్నారో రాసుకున్నాను. నా లెక్క ఇది: దుకాణంలో అక్క నోటితో చెప్పే జవాబును, అక్క లేని చోట కూడా చెప్పగలిగితే వీడియోకు పని ఉన్నట్టు. అందుకు ముందు ప్రశ్న తెలియాలి. ప్రశ్న కామెంట్లలో దొరకదు, కౌంటర్లో దొరుకుతుంది.

ప్రశ్నలు ఎక్కువ లేవు. అందరూ అడిగేది ధర. "ప్యాకెట్టు సగానికి దొరుకుతా ఉంటే మీదేంది ఇంత?" రెండోది ఎక్కువగా ఒకసారి కొన్నవాళ్ళు, కొంచెం కోపంగా: "ఏమక్కా, నూనె ఇట్లా పొంగుతా ఉంది, ఏం కలిపినారు?" ఆ తరువాత అడుగున మడ్డి, వాసన, ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందనేవి. ఆరోగ్యం గురించి అడిగినవాళ్ళు నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ. గానుగ నూనె మంచిదనే నమ్మకంతోనే వాళ్ళు గడప ఎక్కుతున్నారు. నమ్మిన సంగతినే వీడియోల్లో మళ్ళీ మళ్ళీ చెబుతూ, నమ్మని సంగతిని ముట్టుకోకుండా వదిలేశారు.

ఇక్కడ ఒక పాత నోటుబుక్కు బాగా పనికొచ్చింది. అక్క అప్పు ఖాతాల కోసం ఫోను నంబర్లతో సహా రాసుకునే పుస్తకం. దాన్ని తిరగేస్తే, ఒక్కసారి కొని రెండోసారి రానివాళ్ళు చాలామంది కనిపించారు. కొందరికి ఫోను చేయించాను. సగం మంది మొహమాటపడ్డారు. తెరిచి మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది నురగ సంగతే చెప్పారు. బజ్జీలకో పూరీలకో పెట్టారు, మూకుడు నిండా నురగ పొంగింది, కల్తీ అనుకున్నారు, మళ్ళీ ప్యాకెట్టుకు పోయారు. దుకాణం కొత్తవాళ్ళ కోసం వెతుకుతుంటే, వచ్చినవాళ్ళు వంటింట్లో, మూకుడు దగ్గర జారిపోతున్నారు.

అప్పటికి రెండు నిర్ణయాలు కుదిరాయి. మొదటిది, దూరపు ఊళ్ళను వదిలేయడం. లెక్క సాదాగానే ఉంది. లీటరు శెనక్కాయ నూనెకు సుమారు రెండున్నర కిలోల శెనక్కాయ పప్పు పడుతుంది. పప్పు కిలో 130 అనుకుంటే 325 రూపాయలు అక్కడే పోయాయి. నూనె తీయగా మిగిలే పిండి, అంటే చెక్క, అమ్మితే అందులో అరవై, డెబ్బై తిరిగొస్తుంది. కరెంటు, కూలీ, డబ్బా, తేరేటప్పుడు పోయే మడ్డి తీసేస్తే లీటరుకు మిగిలేది ఎంతో మీరే వేసుకోవచ్చు. ఐదు లీటర్ల డబ్బా మీద వచ్చే మిగులును ఢిల్లీ కొరియర్ మింగేస్తుంది, దారిలో కారితే అసలుకే మోసం. కాబట్టి ఢిల్లీలో పదివేల మంది చూసినా దుకాణానికి ఒరిగేదేమీ లేదు. మా వీడియోలు చూడాల్సినవాళ్ళు బండి మీద దుకాణానికి రాగలిగిన దూరంలో ఉన్నారు.

రెండోది, ఎద్దు రీల్‌ను తీసేయడం. దీనిమీద తమ్ముడితో గట్టి వాదనే జరిగింది. "ఉన్న ఒక్క హిట్టునూ తీసేస్తే ఎట్లన్నా?" అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. కానీ పేజీ తెరిచినవాళ్ళకు మొదట కనపడేది అదే, వాళ్ళు దుకాణానికి వచ్చి మోసపోయినట్టు అనుకునేదీ దాన్ని చూసే. డిలీట్ చేయకుండా ఆర్కైవ్‌లో పెడదామన్నాను, కావాలంటే రేపు తిరిగి తెచ్చుకోవచ్చు. అలా ఒప్పుకున్నాడు. వ్లాగర్ వీడియోను తీసేయమని అక్కే ఫోను చేసి అడిగింది. ఆ సినిమా పాట సంగతి కూడా ఆ రోజే తేలిపోయింది. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ పూర్తి పాటల జాబితా ఇవ్వదు. వ్యక్తిగత ఖాతాలో దొరికింది కదా అని ప్రకటనకు వాడితే హక్కుదారులు మ్యూట్ చేయించవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు. గానుగ తిరిగేటప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు కంటే మంచి నేపథ్య సంగీతం ఆ దుకాణానికి ఎక్కడా దొరకదని నా అభిప్రాయం.

ఫలించనివి

అక్కకు ధర గురించి ఒక పేజీ రాసిచ్చి కెమెరా ముందు నిలబెడితే, కౌంటర్లో గలగలా మాట్లాడే మనిషి దూరదర్శన్ వార్తలు చదివినట్టు చదివింది. కొన్నిసార్లు చేయించాం, ప్రతిసారీ ఇంకా బిగుసుకుంది. కాగితం పక్కన పెట్టేశాం.

కొనేవాళ్ళతో మంచిమాటలు చెప్పిద్దామనుకున్నాం. ఆడవాళ్ళు చాలామంది మొహం చూపించడానికి ఇష్టపడలేదు, అది న్యాయమే. ఒప్పుకున్నవాళ్ళు "చాలా బాగుంది, అందరూ కొనండి" అన్నారు. ఆ వాక్యాన్ని ఎవరూ నమ్మరు. నిజమైన కొనుగోలుదారు చెప్పినా అది డబ్బిచ్చి చెప్పించినట్టే వినపడుతుంది. అయితే ఇందులోంచే ఒకటి దొరికింది: వాళ్ళు మెచ్చుకునేటప్పుడు అతికినట్టు ఉన్నారు గానీ, నిలదీసేటప్పుడు ఎంతో సహజంగా ఉన్నారు. అడిగి, అనుమతి తీసుకుని, మొహం లేకుండా వాళ్ళ ప్రశ్నల గొంతులు మాత్రం రికార్డు చేసుకున్నాం.

ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టి పాత కొనుగోలుదారులకు వీడియో పంపాం. జవాబులు దాదాపు రాలేదు. కారణం సాంకేతికమైనదే, అయినా చాలామంది దుకాణదారులకు తెలియదు: బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. నూనె దుకాణం నంబరు ఎవరు సేవ్ చేసుకుంటారు? బిల్లు ఇచ్చేటప్పుడు "నంబరు సేవ్ చేసుకోండి, కొత్త నూనె ఆడినప్పుడు చెబుతాం" అని అడగటం తమ్ముడికి అలవాటు చేశాక, నెలలు గడిచేకొద్దీ ఆ జాబితాకు ప్రాణం వచ్చింది. ఒక్కో జాబితాలో 256 మందికి మించి పట్టరు. ఈ దుకాణానికి అది పెద్ద అడ్డంకి కాలేదు.

డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ కూడా నొక్కి చూశాం. అప్పటికే తమ్ముడు నొక్కుతున్నాడు, దాని ఫలితం ఒకసారి పద్ధతిగా చూద్దామనుకున్నాను. వ్యూస్ వచ్చాయి. చూసినవాళ్ళ వయసు, వేళ చూస్తే రాత్రి పొద్దుపోయాక రీల్స్ చూసే కుర్రాళ్ళు. ఇందులో ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీని తప్పుపట్టడానికి లేదు. ఎక్కువమంది చూడాలని డబ్బు కడితే, వీడియోలు ఎక్కువగా చూసే అలవాటున్నవాళ్ళను వెతికి చూపిస్తుంది. నెలకు ఐదు లీటర్ల నూనె కొనే ఇల్లాలు ఆ గుంపులో ఉండాలని ఎక్కడా లేదు.

పనిచేసినవి

మొదట తీసింది నురగ వీడియో. ధర ప్రశ్న పెద్దదే అయినా నురగనే ముందు ఎంచుకోవడానికి కారణం ఉంది. ధర అడిగేవాడు ఇంకా బయట నిలబడి ఉన్నాడు. నురగ చూసి భయపడేవాళ్ళు అప్పటికే డబ్బిచ్చి కొన్నవాళ్ళు. వాళ్ళను నిలుపుకోవడం తేలిక, అప్పుడే వ్యాపారం కుదుటపడుతుంది. ఎంతమంది కొత్తవాళ్ళను తెచ్చినా వెనకనుంచి కారిపోతుంటే ప్రకటన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

తీసిన పద్ధతి ఇది. అక్క ఇంటి వంటింట్లో, పొద్దున కిటికీ వెలుతురులో, ఫోను నిలువుగా పెట్టి, ఫ్యాను ఆపి, చీరకొంగుకు చిన్న కాలర్ మైకు. ఖర్చు పెట్టింది ఆ మైకు మీదే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఒక్క క్షణం ఆగరు. అక్క మొహం చూపించలేదు, చేతులూ మూకుడూ మాత్రమే. మొదటి క్షణంలోనే ఆ కోపపు గొంతు: "ఏం కలిపినారు?" దానికి అక్క గరిటె తిప్పుతూ జవాబు. చేతిలో పని ఉంటే ఆమెకు మాట తానుగా వస్తుందని అప్పటికి మాకు తెలిసింది.

జవాబులో నిజమే ఉంది. శుద్ధి చేసే ఫ్యాక్టరీలో నూనెలోని జిగురు పదార్థాలను, తేమను తీసేస్తారు. గానుగ నూనెలో అవి కొంత మిగులుతాయి. వేడెక్కినప్పుడు, పిండిలోని తడి తగిలినప్పుడు నురగ వస్తుంది. మూకుడు సగానికంటే తక్కువ పోయండి, సన్నసెగ మీద నిదానంగా కాగనివ్వండి, తడి పిండి ఒకేసారి కుమ్మరించకండి. కాసేపటికి నురగ తగ్గడాన్ని కత్తిరించకుండా చూపించాం. వీడియో అక్కడ నెమ్మదిగా ఉందని తమ్ముడు కత్తిరిద్దామన్నాడు. నేను వద్దన్నాను. మధ్యలో కత్తిరిస్తే మూకుడు మార్చారనుకుంటారు. కల్తీ అనుమానంతో ఉన్న మనిషికి ఆ ఆలస్యమే సాక్ష్యం. చివర్లో అక్క తనంతట తాను ఒకటి చేర్చింది: రోజూ వాయిల మీద వాయిలు వేయించే హోటళ్ళకు ఇది సరిపోదు, మేం వాళ్ళకు అమ్మం. తన సరుకు ఎవరికి పనికిరాదో చెప్పే దుకాణదారుణ్ణి జనం తేలిగ్గా నమ్ముతారని నేను చాలాచోట్ల చూశాను. కానీ నేను చెప్పించకుండా అక్క అన్నది కాబట్టే అది అంత బాగా కుదిరింది.

వీడియో తీయడం సగం పని. అది ఎప్పుడు చూస్తారన్నది మిగతా సగం. నురగ ప్రశ్న ఇన్‌స్టాగ్రామ్ చూస్తున్నప్పుడు రాదు, మూకుడు పొంగుతున్నప్పుడు వస్తుంది. అందుకే ఆ వీడియోను యూట్యూబ్‌లో పెట్టి, డబ్బా లేబుల్ మీద క్యూఆర్ కోడ్ వేయించి, పక్కన "నూనె నురగ వస్తోందా? ఇది చూడండి" అని అచ్చు వేయించాం. యూట్యూబే ఎందుకంటే అక్కడ ఆ ప్రశ్నను జనం టైపు చేసి, నోటితో చెప్పి వెతుకుతారు. రీల్ నాలుగు రోజుల్లో కిందికి పోతుంది, వెతుకుడులో దొరికే జవాబు ఏళ్ళు నిలుస్తుంది. శీర్షిక కూడా జనం అడిగే మాటల్లోనే పెట్టాం, దుకాణం పేరుతో కాదు. వాట్సాప్ బిజినెస్‌లో దాన్ని క్విక్ రిప్లైగా, అంటే ఒక్క నొక్కుతో పంపే సిద్ధమైన జవాబుగా పెట్టుకున్నారు. ఫిర్యాదు వస్తే తమ్ముడు వాదించడం మానేసి వీడియో పంపుతున్నాడు.

ధర వీడియో రెండోసారికి కుదిరింది. మొదటిదానికి ముందు లోగో తిరిగి, "నమస్కారం, మా దుకాణానికి స్వాగతం" అని ఉండేది. యూట్యూబ్ స్టూడియోలో ఎక్కడ వదిలేస్తున్నారో చూపే గీత ఆ నమస్కారం దగ్గరే కొండ మీంచి పడ్డట్టు పడింది. మర్యాద కోసం పెట్టిందని అక్క తీసేయడానికి మొదట ఒప్పుకోలేదు. ఆ నమస్కారాన్ని వీడియో చివరికి జరిపి సర్దుబాటు చేసుకున్నాం. రెండోది కాటా మీద పప్పు పోస్తుండగా మొదలవుతుంది. రెండున్నర కిలోలు. అక్క ధర గట్టిగా చదువుతుంది. గానుగలో పోస్తారు. నూనె ధార వచ్చేటప్పుడు అక్క మాట్లాడదు, చప్పుడు ఒక్కటే. చివర లీటరు సీసా, పక్కన చెక్క, చెక్క ఎంతకు పోతుందో కూడా చెబుతుంది. తమ లాభం ఎంతో చెప్పాలా వద్దా అనేదాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. అంకె చెప్పకుండా, ఖర్చులన్నీ చూపించి మిగిలింది చూసేవాళ్ళకే వదిలేశాం. ప్యాకెట్ నూనె కంపెనీల పేర్లు ఎత్తలేదు, వాటిని తిట్టలేదు. తిడితే నాలుగు వ్యూస్ ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ ఆ ప్యాకెట్టు రోజూ వాడుతున్న మనిషినే కదా మనం పిలుస్తున్నది.

ఈ వీడియోకే ప్రకటన డబ్బు పెట్టాం. బూస్ట్ వదిలేసి, ప్రకటన ఎవరికి, ఎప్పుడు చూపించాలో మనమే పెట్టుకునే మెటా యాడ్స్ మేనేజర్‌లో, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే ప్రకటన, దుకాణం చుట్టూ కొద్ది కిలోమీటర్ల పరిధి. మొదటి రోజుల్లో సందేశాలు వచ్చాయి, అమ్మకాలు రాలేదు. చూస్తే, పొద్దుటిపూట సందేశం వస్తే అక్క గానుగ దగ్గర, తమ్ముడు విత్తనాల కోసం మార్కెట్ యార్డులో. మధ్యాహ్నం జవాబిచ్చేసరికి అడిగినవాళ్ళు వంట ముగించేశారు. రోజువారీ బడ్జెట్ బదులు ప్రకటన నడిచే రోజులన్నిటికీ కలిపి మొత్తం బడ్జెట్ పెట్టే పద్ధతికి మార్చి, ఎవరో ఒకరు ఫోను చూడగలిగే సాయంత్రం గంటల్లోనే ప్రకటన నడిచేలా వేళలు పెట్టాం. అదే డబ్బు, అదే వీడియో. సాయంత్రం అడిగినవాళ్ళు ఎక్కువమంది మరుసటి రోజుల్లో దుకాణానికి వచ్చారు.

ఆ తరువాత మడ్డి మీద, నిల్వ మీద, చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకట్టడం మీద ఒక్కోటి తీశాం. ఏడాది మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. రోజుకో వీడియో ఆగింది, తమ్ముడు కౌంటర్లో ఉంటున్నాడు. రీల్స్ సరదా పూర్తిగా చంపొద్దని అతని సొంత ఖాతా వేరే పెట్టుకోమన్నాను. ఖరీదైన యాడ్ ఫిల్మ్ ఇప్పుడు దుకాణంలో గోడకున్న టీవీలో తిరుగుతూ ఉంటుంది, డబ్బాలు నింపేవరకు నిలబడ్డవాళ్ళకు కాలక్షేపం.

ఫలితాన్ని ఎలా కొలిచాం

ఎద్దు రీల్‌కు వచ్చిన వ్యూస్ పక్కన పెడితే మా వీడియోలన్నీ కలిపినా చాలా చిన్న అంకె. అందుకని వ్యూస్ కొలవడం మానేశాం. అదే అప్పు పుస్తకంలో రెండు గడులు కొత్తగా గీశాం: మొదటిసారా మళ్ళీనా, ఎలా తెలిసింది. ప్రకటన నుంచి వచ్చేవాళ్ళ వాట్సాప్ సందేశం ఒక ఫలానా వాక్యంతో మొదలయ్యేలా ముందే రాసిపెట్టాం కాబట్టి వాళ్ళెవరో తెలుస్తుంది.

దసరా నుంచి దీపావళి దాకా, మళ్ళీ సంక్రాంతి ముందు అరిసెల కాలంలో, ఏ వీడియో లేకపోయినా నూనె కదులుతుంది. కిందటి నెలతో పోలిస్తే మన వీడియో గొప్పదనిపిస్తుంది. పోయిన ఏడాది అదే నెలతో పోల్చుకుంటేనే నేను నమ్ముతాను. అలా చూసినప్పుడు ఎక్కువ తేడా కనపడింది మళ్ళీ వచ్చేవాళ్ళలో. అర లీటరు సీసాలు తగ్గి ఐదు లీటర్ల డబ్బాలు పెరిగాయి. నురగ ఫిర్యాదులు ఆగలేదు గానీ, తిరిగివచ్చిన డబ్బాలు బాగా తగ్గాయి. కొత్తవాళ్ళు కూడా పెరిగారు, అయితే వాళ్ళలో చాలామంది "ఎలా తెలిసింది" గడిలో పక్కింటివాళ్ళ పేరో బంధువుల పేరో చెప్పారు. ఆ పక్కింటివాళ్ళు వాట్సాప్‌లో వీడియో పంపారా, వంటింట్లో నూనె చూపించారా, మా పుస్తకానికి అందదు. ఆ ఏడాది అక్క నూనెను రెండు రోజులు ఎక్కువ తేరనివ్వడం కూడా మొదలుపెట్టింది. మడ్డి తగ్గడం దానివల్లే. నురగ విషయంలో దాని వాటా ఎంతో, వీడియో వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఇప్పుడు ఉన్న చిక్కు వేరే. పక్క పట్టణం నుంచి అడుగుతున్నారని ఆర్టీసీ కార్గోలో డబ్బాలు పంపడం మొదలుపెట్టారు. అక్కడ ధర వీడియో నడిపితే ఇక్కడిలా పలకలేదు. ఫోన్లు చేసినవాళ్ళు అడిగినవి రాసుకుని చూస్తే, వాళ్ళు ధర దాకా రావడమే లేదు. ముందు డబ్బు పంపితే డబ్బా వస్తుందా, కారితే ఎవరిది బాధ్యత, ఇదీ వాళ్ళ ప్రశ్న. దానికి కూడా ఒక వీడియో తీద్దామని తమ్ముడు అంటున్నాడు. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళ కిరాణా కొట్లో పది డబ్బాలు పెట్టి, కావలసినవాళ్ళను అక్కడే చూసి కొనుక్కోమంటే సరిపోతుందని అక్క అంటోంది. నేను అక్క వైపే ఉన్నాను. డబ్బాలు వచ్చే వారం వెళ్తున్నాయి.